తప్పిపోనివారి పేర్లు

బెల్లంపల్లిలో మా గని కాలనీ డిసెంబరు ఎగ్జిబిషన్‌కు మైకు పట్టే తిమోతికి మతి తప్పిందని కొందరంటారు. మైకు పిచ్చి అని ఇంకొందరు. నోట్లో మందు వాసన వచ్చిందని సాక్ష్యం చెప్పినవారూ ఉన్నారు. అది దగ్గు మందని తేలింది. మూడూ అబద్ధాలే. ఒక్క అలవాటు మాత్రం నిజం: అతడు తప్పిపోని మనుషులను తప్పిపోయారని ప్రకటిస్తాడు.

ఎగ్జిబిషన్ అన్నానే గాని ఆ పేరుకు తగిన సరుకు ఇప్పుడక్కడ లేదు. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, జెయింట్ వీల్ రావడం మానేసి ఆరేళ్లయింది. మొన్న మిగిలినవి బజ్జీల బండి, గాజుల దుకాణం, ఒక రంగులరాట్నం. దాని గుర్రాల్లో రెండింటికి తలలు లేవు. పిల్లలు వాటికోసమే కొట్టుకుంటారు, ముందున్నది బాగా కనిపిస్తుందని.

ఆ మైదానంలో తప్పిపోవాలంటే ప్రతిభ కావాలి. అయినా ఏటా రెండో రోజు సాయంత్రం తిమోతి గొంతు సవరించుకుని ముగ్గురు నలుగురి పేర్లు పిలుస్తాడు. ఒక ఏడు అంబదాస్ తప్పిపోయాడన్నాడు. అంబదాస్ అప్పుడు విరిగిన కాలితో తన ఇంట్లోనే పడుకుని ఉన్నాడు. వెతకబోయిన నలుగురు మంచంతో సహా మోసుకొచ్చారు. అతడు తిమోతిని తిట్టి, బజ్జీలు తిని, రాట్నం ఆగేదాకా కదలనన్నాడు.

ఈ ఏడు మొదటి పేరు సాయవ్వది.

"సాయవ్వ అనే ముసలమ్మ తప్పిపోయింది. నెమలికంఠం రంగు చీరె కట్టుకున్నది. కనవడ్డోళ్లు స్టేజీ కాడికి తోల్కరావాలె."

సాయవ్వ తన ఇంట్లో చింతపండు గింజలు తీస్తోంది.

కమిటీ కార్యదర్శి మహేశ్వరి ఓపిక అక్కడితో అయిపోయింది. కాలనీ ఇజ్జత్ పోతోందని, ఇకమీదట ప్రకటనలు ఫోనులో రికార్డు చేసి వేద్దామని చెప్పింది. మైకు ఉంచాలా, తీసేయాలా అన్న విచారణ కమిటీ సభ్యుణ్ణని అక్కడికక్కడే నాకు అప్పగించారు.

స్టేజీ మీదే కూర్చుని ఎనిమిదేళ్ల పేర్లు రాసి చూశాను. ఇరవై మూడు. అందరూ ఒంటరిగా బతుకుతున్నవారే. ప్రకటన నాటికి ఆ ఏడు ఒక్కరూ మైదానం గడప తొక్కలేదు. తిమోతిని కారణం అడిగాను. గనిలోకి దిగే ప్రతి మనిషీ ల్యాంప్ రూములో దీపం తీసుకుని, పైకొచ్చాక తిరిగి అప్పగించాలి. ఆ గదిలో అతడు ముప్పై ఏళ్లు పనిచేశాడు.

"షిఫ్టు అయినంక ఎవని బత్తి వాపస్ రాకుంటే వాని పేరు పిలుసుడే సార్. అలవాటైపోయింది," అన్నాడు, నేల చూపులు చూస్తూ.

అలవాటు సాకు కావచ్చు గాని సమర్థన కాదని నేను చెబుతుండగానే సాయవ్వ వచ్చింది. స్టేజీ కింద నిలబడి, "నేనేడ తప్పిపోయిన్రా, నీ నోట్ల మన్నువడ," అని మొదలుపెట్టి, ఊపిరి అందకుండా పోయేదాకా తిట్టింది. తర్వాత నావైపు తిరిగి ఫిర్యాదు రాసుకోమంది.

"గా చీరె పెట్టె అడుగున ఉన్నది సారూ. తీసి కట్టుకునేసరికి గింతసేపాయె. వచ్చే యేడు ఏ చీరెనో జర ముందుగాల చెప్పమనుండ్రి."

అప్పుడు చూశాను. భర్త పోయాక ఆమె వంటి మీద వెలిసిన తెల్లచీర తప్ప మరొకటి నేనెరగను. ఇప్పుడున్నది నెమలికంఠం రంగు. మడతల గీతలు ఇంకా పోలేదు.

వచ్చే ఏడు ఎగ్జిబిషన్ ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. అది విచారణాంశం కాదు. నా నిర్ణయం ఇది: తిమోతి ప్రకటించిన ఇరవై ముగ్గురిలో ఎవరూ మైదానంలో తప్పిపోలేదు. పేరు పిలిచాక ఇరవై ముగ్గురూ మైదానానికి వచ్చారు. మైకు అతని దగ్గరే ఉంటుంది.