పారబోయలేని పెట్రోలు

“టాంకు కడిగి నీళ్లు అందులోనే వదిలేశావు. ఒప్పుకో.”

“ఏటి ఒప్పుకోమంటావు రమణా? పూరా దిన్ ఎండలో బోర్లించినాను. సుక్క తడి లేదు.”

“మరి ఈ నీళ్లు పైనుంచి ఊడిపడ్డాయా? మోవా దగ్గర ఆగిపోతే అక్కణ్నుంచి బండి నెట్టుకుంటూ పోయాను. డ్యూటీకి గంట లేటు. సాబ్ నలుగురిలో తిట్టాడు.”

“బంకోడిని అడగరాదా?”

“అడిగాను. అందరి బళ్లూ నడుస్తున్నాయట. నాదొక్కదానికే పట్టింది జలుబు!”

మా గేటు ముందు మా అబ్బాయి రమణకీ, మెకానిక్ అప్పలస్వామికీ జరిగిన గొడవ ఇది. నేను అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఏడేళ్లయింది. ఆ రోజు నుంచి గుండెల మీద ఒక బరువు మోస్తున్నాను. ఎవరి ముందూ దించలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఆ నీళ్లు పోసింది నేను.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. మా ఆయనకి రైల్వేలో ఉద్యోగం వస్తే విజయనగరం వైపు నుంచి రాయపూర్ వచ్చాం. అప్పలస్వామిదీ మా వైపే. మా ప్రహరీ పక్కన బళ్లు బాగుచేసుకునేవాడు, నన్ను పిన్నీ అనేవాడు. మా వీధిలో తెలుగువాళ్ల బళ్లన్నీ వాడి చేతి కిందే.

పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారనీ, అది చెరకు నుంచి తీసే సారా లాంటిదనీ ఒకరోజు రమణ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పాలలో నీళ్లు కలిపితే ఊరుకోనిదాన్ని, దీనికి ఎలా ఊరుకుంటాను? అప్పలస్వామిని అడిగాను. నవ్వాడు. “ఇంటికాడే సూసుకోవచ్చు పిన్నీ” అని నేర్పాడు. మనవరాలు చిన్నప్పుడు పాలు తాగిన గాజు సీసా, గీతలున్నది, దాచి ఉంచాను. అందులో యాభై గీత దాకా నీళ్లు. నీళ్లు వేరుగా కనబడడానికి రెండు చుక్కల నీలిమందు. దాని మీద నూట యాభై దాకా పెట్రోలు. మూత బిగించి ఊపి, కదలకుండా ఉంచాలి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది, పెట్రోలు పైన తేలుతుంది. నీలం యాభై దాటి ఎంత పైకొస్తే అంత కలిపినట్టు.

నీలం అరవై దగ్గర ఆగింది.

తెలుసుకుని ఏం చేశాను? బంకు మార్చానా? ఊరంతా అదే పెట్రోలు. కలపమన్న పెద్దలు నా పాలసీసా చూసి భయపడతారా? అయినా మానలేదు. రమణ పెట్రోలు పోయించుకొచ్చినప్పుడల్లా, వాడు మధ్యాహ్నం కునుకు తీసేవేళ, గొట్టం ఊడదీసి సీసాలోకి పట్టేదాన్ని. ప్రతిసారీ నీలం గీత దాటేది. ప్రతిసారీ కోపం వచ్చేది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

పరీక్ష చేసిన పెట్రోలు పారబోసెయ్యమన్నాడు అప్పలస్వామి. అది నా వల్ల కాదు. గంజి కూడా పారబోయని చెయ్యి ఇది. సీసా మెల్లగా వంచి పైన తేలేదాన్ని తిరిగి టాంకులో పోసేదాన్ని. చివర్లో నీలం మీద వేలెడు పెట్రోలు మిగిలేది. అక్కడ ఆగాలి. నేను ఆగలేదు. ఇంకాస్త వంచేదాన్ని, నీలం జారేది. చుక్కే కదా అనుకునేదాన్ని.

కొన్నాళ్లకి టాంకు తుప్పు పట్టిందన్నాడు అప్పలస్వామి. ఎందుకు పట్టిందో అప్పుడు నా బుర్రకి తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా? వాడు టాంకు విప్పి కడిగి, ఎండలో బోర్లించి, సాయంత్రం నన్నే పిలిచాడు. “నువ్వు సూసి బాగుందంటేనే బిగిస్తాను పిన్నీ” అన్నాడు. కర్రకి పాత చీర ముక్క చుట్టి లోపలంతా తిప్పాను. పొడిగా వచ్చింది. బిగించమన్నాను. ఆ తర్వాత మూడుసార్లు సీసా వంచాను. మూడోసారి చెయ్యి జారి సగం నీలం లోపలికి పోయింది. ఏమీ ఎరగనట్టు మూత పెట్టేశాను. రెండోనాటికి బండి మోవా దగ్గర ఆగింది.

ఆ గొడవలో, రమణ అరుస్తూ ఉండగానే, అప్పలస్వామి కార్బురేటర్ విప్పి అడుగున ఉన్నది అరచేతిలోకి వంచుకున్నాడు. లేత నీలం. రమణ గమనించలేదు. నేను చూశాను. వాడు తలెత్తి నా వైపు చూశాడు. ఆ నీలిమందు సంగతి మా ఇద్దరికే తెలుసు. ఒక్క మాట అంటే వాడి మీద నింద పోయేది. అనలేదు. అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“సెప్పు పిన్నీ. టాంకు ఎండిందో లేదో ఆ రోజు నువ్వే గుడ్డ పెట్టి సూసినావు గదా?”

“నేను చూడలేదు.”

“సూడలేదా?”

“బళ్లతో నాకేం పని?” అన్నాను. చేటలో బియ్యం మీంచి తల ఎత్తలేదు.

ఎందుకన్నానా మాట? కొడుకు తిడతాడనా? తిడితే ఏమవుతుంది, పడేదాన్ని. అట్ల పిండి గిన్నెకి అంటుకుంటేనే కోడలిని సాధించే మనిషిని, గుక్కెడు పెట్రోలుకి ఆశపడి బండి పాడుచేశానని ఆమె ముందు చెప్పుకోలేక, నన్ను కాపాడడానికి నోరు మెదపని మనిషి నోట్లో మట్టి కొట్టాను. అదీ సంగతి. ఇంతకంటే గొప్ప కారణం వెతికాను. దొరకలేదు.

రమణ వీధంతా చెప్పాడు, పని దొంగ అని. ఒక్కొక్కరే బళ్లు వేరేచోటికి తీసుకుపోయారు. అప్పలస్వామి తిల్దాలో ఏదో రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడని తర్వాత విన్నాను. తిల్దా ఎంత దూరం? రైలెక్కితే గంట పట్టదు. వెళ్లలేదు. రమణకి ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది, తెలియనీ. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ నీళ్లు పోసింది నేనని ఒకచోట రాసి పెట్టాను. ఇవాళ కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.

గొడవైన మర్నాడు పొద్దున్నే వాకిలి ఊడవడానికి బయటికొచ్చాను. అప్పలస్వామి మా గోడకి కట్టుకున్న టార్పాలిన్ విప్పుతున్నాడు.

“అమ్మగారూ, మేకులు కూడా పీకెయ్యమంటారా?” అన్నాడు.

“పీకెయ్యి” అన్నాను.

నాలుగు మేకులూ పీకి గోడ మీద వరసగా పెట్టి, టార్పాలిన్ మడిచి సైకిలుకి కట్టుకుని వెళ్లిపోయాడు. ఊడవడం అయ్యాక ఆ మేకులు తీసి లోపల దాచుకున్నాను.