కళ్ళు మూసుకుని చుట్టిన బీడీలు

పడిపోయిన చేతికి ఊహ సాయంతో మళ్ళీ కదలిక నేర్పాలంటే, అది కదిలినట్టు రోగి మనసులో ఊహించుకోగలడో లేదో ముందు కొలవాలి. నిజామాబాద్‌లో ఫిజియోథెరపీ చేసే నేను అందుకోసం ఒక ప్రశ్నల కాగితం దగ్గర పెట్టుకుంటాను. ఆ కాగితమంటే నాకు అప్పట్లో మహా గురి.

పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన ఒక అవ్వ బోధన్ వైపు నుంచి బస్సెక్కి వచ్చేది. బతుకంతా బీడీలు చుట్టిన చెయ్యి అది. ఊహ రాదని తేలితే ఈ పద్ధతి ఆమెకు పనికిరాదు. మిగతావన్నీ అప్పటికే చేసి చూశాం.

"అవ్వా, కళ్ళు మూసుకో. కుడిచెయ్యి తలమీదికి లేపినట్టు అనుకో. ఎంత సాఫ్‌గ కనిపించింది? ఒకటి నుంచి అయిదు లోపల చెప్పు."

"ఉత్తగ ఎందుకు లేపాలె బిడ్డా? బస్సు ఆపనీకా?"

"ఊకె అనుకో."

"ఊకె అనుకుంటే ఏం కనిపిస్తది? ఒకటేసుకో."

అన్ని ప్రశ్నలకూ ఒకటే వేయించింది. నాకు ఒళ్ళు మండింది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "సరే, మనసుల పది బీడీలు చుట్టు. అయినంక చెప్పు" అని విసురుగా స్టాప్‌వాచ్ నొక్కాను. నిజంగా చేస్తే పట్టేంత సమయమే ఊహలోనూ పడితే, ఊహ బాగున్నట్టు లెక్క. పది బీడీలకు అయిదు నిమిషాలు చాలని అంతకుముందు ఆమే చెప్పింది.

అయిదు దాటింది. ఏడు దాటింది. కూర్చున్నచోటే నిద్రపోయిందనుకున్నాను. 'ఊహ లేదు' అని రాయబోతుంటే, "అయినయ్" అంది.

"గింతసేపా అవ్వా?"

"మంచిగ లేవని మూడు తీసి పారేసిండు బిడ్డా, కార్ఖానల బీడీలు సూసేటాయన. మళ్ళ సుట్టిన. ఆకు గూడ ఎండింది, నీళ్ళు సల్లిన."

ఊహలోకి కూడా ఆయన్ని వెంటబెట్టుకుని పోయిన మనిషికి ఊహ లేదని రాయబోయాను. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఈ చేతికి ఇంకా దారి ఉందని ప్రాణం లేచొచ్చింది.

"ఏ చేత్తోని చుట్టినవ్?"

"కుడిచేత్తోనే. ఎడంచెయ్యికి ఏమొస్తది?"

ఆమె కళ్ళు ఇంకా తెరవలేదు. ఇవాళ్టికి చాలు, లేవమన్నాను.

"జర ఆగు బిడ్డా" అంది మెల్లగా. "ఆడ నా చెయ్యి మంచిగ నడుస్తున్నది. ఇంకో పది సుట్టనియ్యి."