కార్జం కుక్కకు వేయొద్దన్న మా యారాలు

మా యారాలు పోయిందని హిందూపురం ఆసుపత్రి నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను రాగులు చెరుగుతున్నాను. చేట కింద పెట్టి, "నిద్రలో పోయిందా, ఊపిరాడక పోయిందా?" అని అడిగాను. అడగకూడని మాటే. కానీ రెండేళ్లుగా ఆమె ఊపిరి గురించి భయపడడమే నా పని. "ఊపిరాడకే చిన్నమ్మా," అన్నాడు.

యారాలంటే నా మొగుడి అన్న భార్య. రొళ్ల దగ్గర మా పల్లెలో ఇద్దరమూ ఒకే గొర్రెల దొడ్డి ఊడ్చి ముసలివాళ్లమయ్యాం. నేను మూడో తరగతి దాకా చదివాను, ఆమెకు అదీ లేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "ఆయుష్షు తీరింది" అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. వంకరటింకర అక్షరాలతోనైనా ఇది రాస్తున్నది అందుకే.

గొర్రెను కోసినప్పుడు ఒక్కోసారి కార్జంలో నీళ్ల తిత్తులు కనబడతాయి. తెల్లగా, కోడిగుడ్డంత. అట్లాంటి కార్జం మనం తినం. కోసినాయన దాన్ని కుక్కకు విసురుతాడు. మందకు కాపలా ఉన్నందుకు అది దాని వంతు. మా యారాలు కూడా ఏళ్ల తరబడి అట్లే వేసింది. కుక్క తింటుంటే దాని వీపు నిమిరింది. అదే చేత్తో ముద్ద తిన్నది.

తర్వాత ఆమె కడుపు కుడిపక్కన ఉబ్బింది. బోరు దగ్గర ఒకాయన, "ఏమొదినా, ఈ వయసులో కానుపా?" అన్నాడు.

"అవునబ్బా. మగపిల్లోడు పుడితే నీ పేరే పెడతా. వాడూ పనీపాటా లేకుండా బోరు కాడ నిలబడుకోనుంటాడు."

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఆమె కూతురు బలవంతాన తీసుకుపోయి స్కానింగు తీయించింది. కార్జంలో నీళ్ల తిత్తి. గొర్రెలో ఉండేదే. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆ తిత్తిని తిన్న కుక్క కడుపులో సన్న పురుగులు పెరుగుతాయట. వాటి గుడ్లు దాని పెంటతో నేల మీద పడతాయి, బొచ్చుకు అంటుకుంటాయి. గడ్డితో గొర్రెలోకి పోతాయి, చేతులతో మనలోకి వస్తాయి. లోపల మళ్లీ తిత్తులవుతాయి. గొర్రెలు కాసే మాలాంటివాళ్లకే ఎక్కువ వస్తుంది గనక దీనికి గోడ మీద బొమ్మా లేదు, మైకులో మాటా లేదు.

ఆపరేషన్ చేసి తిత్తి తీశారు. కుట్లు మానగానే ఆమె గడ్డపార పట్టింది. గొర్రె తెగేచోటికల్లా పోయి, "తిత్తులుంటే ఇట్ల తే," అనేది. మోకాటి లోతు గుంత తవ్వి, కార్జం పూడ్చి, పైన బండ పెట్టేది. పశువుల ఆసుపత్రి నుంచి పురుగుల మాత్ర తెచ్చి రాగిముద్దలో పెట్టి కుక్కకు తినిపించేది. కుక్కను కొట్టబోయినవాళ్లను, "దాని తప్పేముండాది? ఏసింది మనమే గదా," అని తిట్టేది.

పెనుకొండ దగ్గర మా ఆడబిడ్డ ఊరి దేవరకు పోయినప్పుడు నాకు గుబులు పట్టింది. అమ్మవారి పండుగ, బంధువుల ఊరు, తాగినవాళ్లు. ఎవరైనా ఆమె మీద చేయి చేసుకుంటే? ఆమె వెంట తెచ్చుకున్న గడ్డపారను తీసుకుపోయి గడ్డివాములో దాచేశాను. ఆమె నా మొహం చూసే కనుక్కుంది.

"గడ్డపార దాచినావు. నీ భయం గూడా ఆడనే దాచిపెట్టుంటే బాగుండు గదమ్మే."

కొడవలి తీసుకుని నేల గీకడం మొదలుపెట్టింది. ఒకడు అరిచాడు: "ఏమవ్వా, కార్జానికి సమాధి కడతాండావా?"

"కడతాండా. లేకుంటే నీకు కట్టాల్సొస్తాది."

కొడవలి ఎంత లోతు పోతుంది? సాయంత్రానికి కుక్కలు ఆ కార్జాన్ని పెరికి తినేశాయి. ఆమె మన్నంటిన కొడవలి తుడిచి చూరులో దోపింది. నన్ను తిట్టుంటే బాగుండేది.

రెండేళ్ల కిందట ఊపిరితిత్తుల్లో మళ్లీ తిత్తులు తేలాయి. మాత్రలు మింగుతూ, దగ్గుతూ కూడా గడ్డపార వదల్లేదు. "నీకు నయమైనాక చూసుకోవచ్చు, మానుకో అక్కా," అని పోరేదాన్ని. "నాకోసమా మే నేను తవ్వేది?" అనేది. ఆమె దిగులంతా ఒకటే: "నేను పోతానే మళ్లా కుక్కలకే ఏస్తారు."

ఆమె పోయాక, పెద్దదినం నాడు ఆమె మందలోని పొట్టేలునే కోశారు. కోసినవాడు వరసకు నాకు అల్లుడు. కార్జం పైకి తీసి ఆగాడు. మూడు తిత్తులు. అలవాటు కొద్దీ అందరూ ఆమె కోసం అటూ ఇటూ చూశారు. ఆమె మంద కుక్క తోక ఊపుతూ ముందుకు వచ్చింది. వాడు విసరడానికి చేయి ఎత్తాడు.

"ఇట్ల తే," అన్నాను.

"ఏమత్తా, నువ్వు గూడా మొదలుపెట్టినావా? ఈ పొద్దొద్దులే."

"ఈ పొద్దే. నీ కూతురు ఆ కుక్క మెడ పట్టుకోని ఆడుకుంటాండాది గదా. తే ఇట్ల."

గడ్డపార ఆమె ఆనించిన గోడకే ఉంది. నేల బండలా ఉంది. నాలుగు పోట్లకే ఆయాసం. గుంతలో దిగి మోకాలితో కొలుచుకున్నాను. చాలదేమోనని మళ్లీ తవ్వాను. ఎవరూ నన్ను కొట్టలేదు. చివర్లో బండ మోయడానికి ఆ అల్లుడే వచ్చాడు.

సాయంత్రం మాత్ర పెట్టిన ముద్ద పట్టుకుని పోయాను. ఆమె కుక్క కార్జం పూడ్చినచోటే పడుకుని ఉంది. బండ చుట్టూ గోళ్ల గీతలు, తవ్విపోసిన మన్ను. బండ మాత్రం కదల్లేదు.