ఒక్కపొద్దుల పిల్ల

శాలువా కప్పించుకున్న ఫోటో ఒకటి నా ఫోన్లో ఇంకా ఉంది. అందులో నేను పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాను. దాన్ని చూసినప్పుడల్లా నాకు రోత పుడుతుంది. అయినా తీసెయ్యలేదు, ఆ రోత నాకు ఉండాల్సిందే.

నేను జనగామ నుంచి రోజూ పొద్దున ప్యాసింజర్ బండిలో మానుకోటకు పోయి పీజీ పిల్లలకు పాఠం చెప్తాను. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా ఎండాకాలం రాగానే మళ్ళీ ఉంచుతారో తీసేస్తారో అని గుండెలో రాయి పడుతుంది. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన పనికి కారణం అడిగితే నా దగ్గర ఉన్నది ఇదొక్కటే.

మా డిపార్ట్‌మెంటు గది పక్కన నల్లా ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలంతా అన్నం డబ్బాలు విప్పే వేళకు ఒక పిల్ల ఆ నల్లా దగ్గర నిలబడి నీళ్ళు తాగేది. కొడకండ్ల దిక్కు తండా నుంచి వచ్చింది. ఇంట్లో వాళ్ళ భాష వాళ్ళది, తెలుగు బడికి వచ్చి నేర్చుకుంది, ఆ తెలుగులోనే ఎమ్మే దాకా వచ్చింది. తిన్నావా అని అడిగితే "ఒక్కపొద్దు మేడం" అనేది. మా దిక్కు ఒక్కపొద్దు ఉన్నవాళ్ళకు అన్నం పెడతామని వెంటపడరు, పాపమంటారు. ఇక ఎవరూ ఏమీ అడగరు. సోమవారం శివుడు, మంగళవారం హనుమంతుడు, గురువారం బాబా, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకన్న. ఆ పిల్లకు వారంలో ఐదు రోజులు దేవుళ్ళే. నేను ఆటపట్టించేదాన్ని.

"ఇయ్యాల ఏ దేవుడు బిడ్డా?"

నవ్వి దేవుడి పేరు చెప్పేది. ఇంత భక్తి ఉన్న పిల్లను నేను చూడలేదని ఇంట్లో కూడా చెప్పుకున్నాను. పదిహేనేళ్ళుగా పిల్లల మధ్య తిరుగుతున్నదాన్ని, నా కళ్ళు ఎక్కడ పెట్టుకున్నానో.

తర్వాత ఒకరోజు హాస్టల్ పిల్లలు చెప్పారు. మామూలు రోజుల్లో కూడా మెస్సులో మధ్యాహ్నం అన్నం ఉండదట. హాస్టల్‌కు సెలవు ఇచ్చినప్పుడల్లా మెస్ మూసేస్తారట, ఇంటికి పోలేని వాళ్ళు ఊళ్ళో గది పంచుకుని ఉంటారట, దొరికితే తింటారట. ఇంటికి ఎందుకు పోరంటే ఇల్లు తాళం. అమ్మానాన్నలు మిర్చి ఏరడానికి భూపాలపల్లి దిక్కు గోదావరి ఒడ్డుకు పోయి ఉంటారు.

పాత జవాబు పత్రాలు పెట్టే ఇనుప బీరువా ఒకటి మా గదిలో ఉండేది. అటెండరు అన్న, నేను కలిసి ఖాళీ చేశాం. బియ్యం, పప్పు, అటుకులు, నూనె ప్యాకెట్లు, సబ్బులు, ఆడపిల్లలకు ప్యాడ్లు, జ్వరం గోలీలు పెట్టాం. జీతం నుంచి కొంత నేను, తెలిసిన వాళ్ళు కొంత. తాళంచెవి కేలెండరు వెనక మేకుకు వేలాడేది. ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఆ గదిలో మేమిద్దరం ఉండేవాళ్ళం కాదు. పద్ధతంతా అదే. ఎవరు ఏం తీసుకున్నారో రాసే పుస్తకం లేదు, చూసే మనిషి లేడు. ఎవరూ దోచుకుపోలేదు. గిన్నెడు బియ్యం తీసుకున్న పిల్ల పక్కనున్న కొత్త సబ్బును ముట్టకుండా వదిలేసేది, ఇంకొకరికి ఉంటుందని.

ఒక శనివారం కళ్ళద్దాలు మర్చిపోయి మధ్యలో వెనక్కి వచ్చాను. ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఉత్త అటుకులు గుప్పిళ్ళతో నోట్లో వేసుకుంటోంది. నమిలే ఓపిక కూడా లేనట్టు మింగుతోంది. పొద్దున్నే నాకు వెంకన్న ఒక్కపొద్దు అని చెప్పింది. నన్ను చూడలేదు. చెప్పులు చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, వేపచెట్టు కింద రెండింటిదాకా కూర్చున్నాను. ఒక్కపొద్దుల సంగతి నాకు అప్పుడు తెలిసింది. తెలిసినట్టు ఆమెకు తెలియనివ్వలేదు. "ఇయ్యాల ఏ దేవుడు?" అని అడగడం కూడా మానలేదు, మానితే అనుమానపడుతుందని.

అట్లా నడిచిపోతే బాగుండేది. మంచి పని నాలుగు చెవుల్లో పడకుండా ఉంటుందా. గ్రానైటు వ్యాపారంలో బాగా పైకొచ్చిన ఒక పెద్దమనిషి పది బస్తాల బియ్యం ఇస్తానన్నాడట. ప్రిన్సిపాల్ సారు నన్ను పిలిచి, "మేడం, ఇంత మంచి పని గిట్ల దొంగసాటుగ చేసుడేంది? పద్ధతిగ చేద్దాం" అన్నాడు. నాకు సంతోషమే అయింది. అబద్ధం ఎందుకు.

ఫ్లెక్సీ కట్టారు. దాత ముఖం బియ్యం బస్తా కంటే పెద్దది. పాత బీరువాకు రంగు వేసి, రిబ్బను కట్టి, కొబ్బరికాయ కొట్టారు. ముప్పై మంది పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేతిలో ప్యాకెట్టు పెట్టి ఫోటో తీశారు. ఫోటో అయ్యాక సగం ప్యాకెట్లు వెనక్కి తీసుకున్నారు, అవి చూపించడానికట. దాత గంటసేపు తన చిన్నప్పటి ఆకలి గురించి మాట్లాడి, జీడిపప్పు ఉప్మా వదిలేసి వెళ్ళిపోయాడు. పిల్లలు ఆ ప్లేటు వైపు చూస్తున్నారు. నాకు శాలువా కప్పారు. నేను నవ్వాను.

మరునాడు మేకుకు చెవి లేదు. ఆఫీసులో ఉంది. చెవి కావాలంటే ఫారం. ఫారానికి రేషన్ కార్డు జిరాక్సు, ఆదాయ ధ్రువపత్రం, వార్డెన్ సంతకం, ఫోటో. అడుగున ఒక గడి: సహాయం కోరుటకు గల కారణం, మూడు వాక్యాలకు మించకుండా. ఆకలికి మూడు వాక్యాలెందుకో రాసినవాడికే తెలియాలి. ఎవరూ రావడం లేదని నేను మెల్లగా అంటే, సారు నవ్వాడు.

"అడగనిదే అమ్మయినా పెట్టదంటరు మేడం. అడగాలె గద."

మా అమ్మ అడగకుండానే పెట్టేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఏప్రిల్ దగ్గర పడుతోంది, కాంట్రాక్టు కాగితం ఆయన బల్లమీదే ఉంటుంది. మింగేశాను.

ఆఖరి సెమిస్టర్ పరీక్షలు దగ్గరికొచ్చాయి. చదువుకోవడానికి సెలవులిచ్చారు, మెస్ మూశారు. సోమవారం మొదటి పేపరనగా శనివారం ఆ పిల్ల మా గది గుమ్మంలో నిలబడింది. పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. కేలెండరు వెనక చూసింది, నా వైపు చూసింది.

"మేడం, చెవి..."

"ఆఫీసుల ఉన్నది బిడ్డా. ఫారం నింపాలె" అని కాగితం చేతికిచ్చాను.

నిలబడే చదివింది.

"ఆదాయం సర్టిఫికెట్ కొడకండ్లల తియ్యాలె మేడం. మా బాపు ఊళ్ళె లేడు."

అప్పుడు నేను లేచి ఆఫీసుకు పోయి చెవి అడిగి ఉండవచ్చు. అటెండరు అన్నను పిలిస్తే ఆ తాళం రాయితో కొట్టేవాడు. నా సంచిలో వంకాయ కూర, అన్నం డబ్బా ఉంది. ఇవేవీ చెయ్యకుండా, "తిన్నవా?" అని అడిగాను.

ఆమె ఫారాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"ఇయ్యాల శనారం కద మేడం. ఒక్కపొద్దు."

"మంచిది బిడ్డా" అన్నాను. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఒక్కపొద్దు ఉన్నవాళ్ళకు పెట్టకూడదు కదా. ఆమె వెళ్ళాక డబ్బా విప్పి శుభ్రంగా తిన్నాను. ఛీ, కూరలో ఉప్పు తక్కువైందని కూడా అనుకున్నాను.

సోమవారం పేపరు రాసింది. బుధవారం రెండో పేపరుకు ఆమె బెంచీ ఖాళీ. అదే రోజు పదకొండింటికి తనిఖీకి పైనుంచి ఇద్దరు వచ్చారు. బీరువా తెరిపించారు. తలుపు తీయగానే ముక్కిన వాసన గుప్పుమంది. బియ్యం ఉండలు కట్టి ఉంది, పట్టిన పురుగు తలుపు అంచుల వెంట పాకుతోంది. ఒకాయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇన్ని నెలల్ల ఒక్క దరఖాస్తు రాలె సార్" అన్నాడు ప్రిన్సిపాల్, గర్వంగానే. "మా పిల్లలకు అంత అవసరం లేదు."

తనిఖీకి వచ్చినాయన రిజిస్టరులో 'సంతృప్తికరం' అని రాశాడు. నేను టీ, బిస్కెట్లు అందించాను. సాయంత్రం ఆ బియ్యమంతా ప్రహరీ వెనక పారబోయించారు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఊరొచ్చేదాకా ముక్కు తుడుచుకుంటూనే ఉన్నాను. వాసన పోలేదు.

ఆమె ఫోను మరునాడు మధ్యాహ్నానికి కలిసింది.

"సోమారం పరీక్ష రాసి భూపాలపల్లి బస్సు ఎక్కిన మేడం. మా అవ్వోళ్ళ కాడికి వచ్చిన. మిర్చి ఏరుతున్న."

"పరీక్షలు బిడ్డా? ఇంక మూడే ఉండె గద."

"కడుపుల ఏం లేకుంటె సదివింది నిలుస్త లేదు మేడం. ఈడ రైతు రెండు పూటల బువ్వ పెడ్తడు."

నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఇయ్యాల ఏ దేవుడు బిడ్డా?"

చిన్నగా నవ్వింది.

"ఏ దేవుడు లేడు మేడం. నాకు ఒక్కపొద్దులు ఎన్నడు లేకుండె. మీకు అబద్ధం చెప్పిన, ఏమనుకోకుండ్రి."

"నాకు తెలుసు బిడ్డా" అన్నాను, ఓదార్పుగా ఉంటుందనుకుని.



"తెలుసా మేడం?" అంది. తర్వాత మెల్లగా అడిగింది. "మొన్న శనారం నాడు గూడ తెలుసా?"

అంతలో అక్కడ ఎవరో ఆమెను అన్నానికి పిలిచారు. "ఉంట మేడం" అని ఫోను పెట్టేసింది.