దిబ్బ మీద మా కలకత్తా రాళ్లు

మా చిన్నప్పుడు కలకత్తా ఖిదిర్‌పూర్‌లో వేసవి సెలవులొస్తే, బట్టలకంటే ముందు రాయి సర్దుకునేవాళ్లం...

నవ్వకండి. శ్రీకాకుళం దగ్గర మా ఊరి చివర ఒక మట్టిదిబ్బ ఉంది. చుట్టూ గుండ్రంగా పెద్ద పెద్ద బండలు. రాకాసిగుడి అనేవారు. రాకాసీ లేదు, గుడీ కాదు... రాత తెలియని కాలపు మనుషుల సమాధి అని చాలా ఏళ్ల తర్వాత పాతపుస్తకాల కొట్టులో నిలబడి చదివి తెలుసుకున్నాను. ఊరు విడిచి పనికెళ్లినవాడు తిరిగొచ్చినప్పుడల్లా, తానున్న చోటి రాయి ఒకటి దాని మీద పెట్టాలి. అదీ మా ఆచారం.

కలకత్తాలో రాయి ఎక్కడిది చెప్పండి? ఎంత తవ్వినా బురదే. చేప దొరుకుతుంది, ట్రాము దొరుకుతుంది, రాయి దొరకదు. అందుకని రేవులో పనిచేసే మా నాన్న గూడ్సు పట్టాల పక్కన కంకర్రాయి ఏరి తెచ్చి, ట్రంకుపెట్టెలో మరచెంబు పక్కన పెట్టేవాడు. దాన్ని దిబ్బ మీద ఉంచి, "ఈ రాయి ఉన్నన్నాళ్లూ మనం ఈ ఊరోలమేరా" అనేవాడు... పోయే ముందు ఏడాది కూడా ఒకటి పెట్టి వచ్చాడు.

ఈమధ్య ఆ దిబ్బ చుట్టూ కంచె వేసి, రక్షిత స్థలమని బోర్డు పెట్టారని తెలిసింది. ఇక ఎవడూ ముట్టుకోలేడని మురిసిపోయి, పక్కింటి బెంగాలీ దాదాకి సందేశ్ మిఠాయి కూడా తినిపించాను. తర్వాత అప్పన్న బావకి ఫోన్ చేశాను. మా మేనత్త కొడుకు. ఆ రాళ్ల జోలికి మేకని కూడా రానివ్వనని నాన్న చేతిలో చెయ్యేసినవాడు. ఇప్పుడు ఆ కంచెకి కాపలా ఉద్యోగం ఆయనదే.

మన రాళ్లు ఎలా ఉన్నాయి బావా అని అడిగాను.

"తీయించీసినాను బావా. పాత రాళ్లేటో, మీరట్టుకొచ్చినయ్యేటో సూపించమన్నారు ఆపీసర్లు... నాకు గాక ఎవులికి తెలుస్తాది?"

నాన్నది కూడానా అన్నాను.

"రైలు కంకరకి పేరుంటాదేటి? రోడ్డు గుంతలో పోసీసినారు."

అధికారుల మీద నాకు కోపం లేదు. వాళ్ల పని వాళ్లు చేశారు. ఒక్కొక్క రాయినీ గుర్తుపట్టి, వేలు పెట్టి చూపించింది మాత్రం బావ...

ఇక్కడే పుట్టి ముసలివాణ్ణయినా ఈ వీధికి నేను మద్రాసీనే. ఊరికేమో కలకత్తావోణ్ణి. ఆ దిబ్బ మీద జానెడు చోటైనా మాదనుకున్నాను... ఇప్పుడు దాన్ని దగ్గర్నుంచి చూడాలన్నా బావే గేటు తియ్యాలి.

మీ ఊళ్లో మీదంటూ ఏదైనా మిగిలి ఉంటే... ఎవరి చేతిలో పెట్టి వచ్చారో చెప్పండి.