కోల కామల మేస్త్రి

మా రాప్తాడు లేతు మేస్త్రి మొన్న మంగళవారం పోయాడు. ‘పరమపదించారు’ అని రాస్తే, “పోయినాడని రాయప్పా, అచ్చు ఖర్చు మిగుల్తాది” అనేవాడు. అందుకే పోయాడనే రాస్తున్నాను.

గుంతకల్లు రైలు షెడ్డులో పనిచేసి వచ్చి, నా సైకిల్ షాపు పక్కన రేకుల కింద కట్టె తిప్పి చెక్కే లేతు పెట్టుకున్నాడు. కరెంటు లేదు. నేను పెద్ద చక్రం తిప్పితే లేతు తిరిగేది. ఎద్దులకు గడ్డి లేక నన్ను కట్టుకున్నాడని వీధిలో నవ్వేవాళ్లు. నేను తొందరపడితే, “మెల్లగప్పా, ఉలికి కోపమొస్తాది” అనేవాడు.

ఒక ఏడు కరువొచ్చింది. మేస్త్రి వాళ్లక్క సర్కారు రోడ్డు పనిలో కంకర కొట్టేది. ఆమె కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకోవు. సుత్తికి ఉండే గుండ్రటి కామ, అదే కట్టె పిడి, చేతిలో తిరిగిపోయి దెబ్బ పక్కకు పడేది. శనివారానికి కంకర కుప్ప పూర్తికాకపోతే పట్టీలో పేరు కొట్టేస్తానన్నాడు గుమాస్తా. కోడిగుడ్డులా కోలగా ఉన్న కామ అయితే చేతిలో తిరగదు.

“బాడిశతో చెక్కితే పోలా మేస్త్రీ?” అన్నాను.

“అంచులు తేల్తాయి. ఉన్న బొబ్బలు చాలవా? అయినా ఆడ కొట్టేది మా అక్క ఒక్కతేనా?”

లేతుకు తెలిసింది గుండ్రమే. కోలగా అరగదీసిన ఇనుపబిళ్లను ఇరుసుకు బిగించాడు. ఉలి బిగించిన దిమ్మెను నా షాపులోని పాత సైకిల్ సీటు స్ప్రింగుతో దానికి ఆనించాడు. బిళ్ల తిరిగేకొద్దీ ఉలి ముందుకూ వెనక్కూ ఊగి, కట్టె కోలగా దిగుతుంది.

అప్పటికి నాకు పెళ్లయింది, బుద్ధే రాలేదు. గురువారం ఆయన అన్నానికి పోగానే బిళ్లకు ఒక పక్క, కనపడకుండా, పంక్చరు వేసే రబ్బరు ముక్క అతికించాను. ఆయన వచ్చి తీసిన కామకు గూని వచ్చింది. ఆయన తిడతాడు, నవ్వుదాం అనుకున్నాను. తిట్టలేదు. “లెక్క తప్పినాను” అని గొణిగి, చేతులు కడుక్కోను పోయాడు. ఆ మొహం చూశాక నేను చేసిందని చెప్పకుండా, ముక్క పీకేశాను. ఆయన వచ్చి కొత్త బిళ్ల అరగదీయడం మొదలుపెట్టాడు.

కామ శనివారం సాయంత్రానికి తయారైంది. అక్క పేరు మధ్యాహ్నమే కొట్టేశారు.

సోమవారం ఆయనకు చెప్పేశాను. ఉలి కింద పెట్టాడు. తర్వాత, “అయితే నా లెక్క తప్పలేదు” అని ఊపిరి వదిలాడు. “మా అక్కకు చెప్పొద్దప్పా. ఆమెను నవ్వించేదానికి నువ్వొకడివే ఉండావు. తిప్పు.”

పనిలో ఉన్న ఆడవాళ్లందరికీ కామలు తీసేదాకా తిప్పాను. అక్క వానలు పడేదాకా పక్కామె పేరు మీద కంకర కొట్టింది.

మొన్న మేస్త్రిని మట్టి చేసి వచ్చాక అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. “ఏమన్నా చెప్పప్పా, నవ్వేది” అంది. వేరే ఏదీ నోటికి రాలేదు. ఇన్నేళ్లూ దాచిన పంక్చరు ముక్క సంగతి చెప్పాను.

ఆమె నవ్వలేదు. మెల్లగా లేచి లోపలికి పోయింది. చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుంది.