బాయి సినిమా చివరి రీలు

మందమర్రిలో సినిమా ఆపరేటర్‌గా పనిచేసిన రోజుల్లో, ఒక మ్యాట్నీకి చివరి రెండు రీళ్ళను తారుమారు చేసి నడిపాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల ఓదెలన్న అనే మనిషి ఇన్నేళ్ళు ఒక మాట పడ్డాడు. చివరికి తన కళ్ళతో చూసినదాన్ని తానే నమ్మలేని పరిస్థితికి వచ్చాడు. ఆయన పేరు మీద పడిన మచ్చ నాది. అందుకే రాస్తున్నాను.

అది తొంభైల చివర. మా టాకీసు కార్మికుల కాలనీకి దగ్గర్లో ఉండేది. కొత్త సినిమాలు ముందు మంచిర్యాలలో ఆడి, గీతలు పడ్డాక మా దగ్గరికి వచ్చేవి. మధ్యలో ఖాళీ వారాలు ఉండేవి. ఆ వారాల్లో ఓనరు చవగ్గా దొరికే ప్రింట్లు తెప్పించేవాడు. ఎక్కడా ఆడనివి, పేరు కూడా ఎవరూ వినని డబ్బింగ్ సినిమాలు. వాటికి మ్యాట్నీలో కూచునేవాళ్ళు ఎక్కువగా నైట్ షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు. ఎండాకాలం రేకుల క్వార్టర్లలో పగటి నిద్ర పట్టదు. టాకీసులో చీకటి ఉంటుంది, ఫ్యాన్లు ఉంటాయి. టికెట్ కొని పడుకునేవాళ్ళు. పైన నా క్యాబిన్‌లోకి సినిమా చప్పుడుతో పాటు కింది గురకలూ వినిపించేవి.

వాళ్ళలో నిద్రపోకుండా చూసేది ఓదెలన్న ఒక్కడే. బొగ్గుబాయిలో పని; మా వైపు బావినీ, బొగ్గు గనినీ కూడా బాయి అనే అంటారు. నాకంటే పదేళ్ళు పెద్ద. పెద్ద హీరోల సినిమాలు ఆయనకు పట్టేవి కావు. హీరో చచ్చిపోయేవి, దొంగ దొరకనివి, దయ్యం ఉందో లేదో చివరిదాకా తేలనివి, అట్లాంటి వాటికోసం షిఫ్టు మార్చుకొని మరీ వచ్చేవాడు. శుక్రవారం పొద్దున క్యాబిన్ మెట్ల కింద నిలబడి అడిగేవాడు.

"ఏం రాజేశం, గీ వారం ఏమచ్చింది?"

"పనికిరానిదే అన్నా. మంచిర్యాలల రెండు రోజులు సుత ఆడలేదట."

"గట్లయితే మంచిగుంటది. ఆడలేదంటే సినిమా తప్పని ఎందుకంటవ్? చూసెటోళ్ళ తప్పు గావచ్చు గదా."

ఆయనకు చీకటి మీద పట్టింపు. "సినిమాల చీకటి నీలంగ ఉంటది తమ్మీ. చీకటి గట్లుంటదా? బాయిల నెత్తి మీది లైటు బందు చేసి చూడు, నీ చెయ్యి నీకే కనవడది. గసొంటి చీకటి తీసినోడు ఒక్కడన్న ఉన్నడా అని చూస్తున్న" అనేవాడు. ఆ మాట విన్నాక నేను కూడా కిటికీలోంచి తెర మీది చీకట్లను చూడటం మొదలుపెట్టాను. అంతకుముందు నాకు సినిమా అంటే వెలుగే.

నా పని గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడు సినిమా హార్డ్‌డిస్క్‌లో వస్తుంది. అప్పుడు రేకు డబ్బాల్లో రీళ్ళు వచ్చేవి. క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. ఒకదాని మీద రీలు అయిపోతుంటే తెర మూలన చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండోదాన్ని నడిపించాలి. దాన్ని ఛేంజ్ ఓవర్ అంటాం. ప్రతి రీలు మొదట్లో బొమ్మలేని కొంత ఫిల్ము ఉంటుంది, దాని పేరు లీడర్. రీలు నంబరు దాని మీదే ఉంటుంది. పాత ప్రింట్లకు లీడర్లు చిరిగిపోయి ఉండేవి. అప్పుడు ఫిల్మును బల్బుకు ఎదురుగా పట్టుకొని, బొమ్మలు చూసి, ఏది ముందో ఏది వెనుకో తేల్చుకోవాలి. మా గురువు నేర్పిన మొదటి పాఠం ఇదే. "మూత మీద నంబరు నమ్మకురా, బొమ్మను నమ్ము" అనేవాడు.

ఆ శుక్రవారం ప్రింటు రావలసిన బస్సు ఆలస్యమైంది. మొదటి డబ్బాలు వచ్చాయి, ఆఖరి డబ్బాలు తర్వాతి బస్సులో వచ్చాయి. అప్పటికే ఆట మొదలైంది. చివరి రెండు రీళ్ళకు లీడర్లు లేవు. మూతల మీద స్కెచ్ పెన్నుతో అంకెలు ఉన్నాయి. నేను మూతల్ని నమ్మాను. వాటిని అంతకుముందు ఎవరో మార్చి పెట్టారు.

సినిమా కథ చిన్నది. ఒక ఊళ్ళో పాడుబడ్డ బావి. అందులో ఏదో ఉందని అన్న దిగుతాడు, అక్కడికి ఒక రీలు అయిపోతుంది. పైన తమ్ముడు తాడు పట్టుకొని ఉంటాడు. తాడు వదులవుతుంది. "అన్నా" అని తమ్ముడు బావిలోకి కేకలు వేస్తాడు. జవాబు రాదు. తర్వాతి రీలులో అన్న ఇంకో దారిన బయటపడి ఇంటికి వస్తాడు. ఇద్దరూ కూచొని అన్నం తింటూ నవ్వుకుంటారు. అయిపోయింది. సినిమా తీసినవాళ్ళ లెక్క అది.

నేను వేసిన లెక్క వేరు. అన్న బావిలోకి దిగాడు. వెంటనే ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు, నవ్వాడు. ఆ తర్వాత తమ్ముడు బావి గట్టున నిలబడి "అన్నా" అని పిలుస్తున్నాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. అక్కడ రీలు అయిపోయి తెర తెల్లబడింది. అరిగిన ప్రింటు, అన్నం తినే రీలు చివర ఉండాల్సిన శుభం కార్డు ఎప్పుడో తెగిపోయింది. ఆ పిలుపులు నేనూ కిటికీలోంచి చూశాను, కానీ రీళ్ళు మారాయన్న సంగతి తెర తెల్లబడ్డాక గానీ తట్టలేదు. అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. హాల్లో లైట్లు వేశాను. పడుకున్నవాళ్ళు లేచి, తువ్వాలలు దులుపుకొని పోయారు. ఒక్కరూ అడగలేదు.

ఓదెలన్న మాత్రం సీట్లోనే కూచున్నాడు. కాసేపటికి మెట్లెక్కి వచ్చి క్యాబిన్ తలుపు పట్టుకొని నిలబడ్డాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"రాజేశం, గిసొంటి సినిమా నా జన్మల చూడలే."

 తిడతాడనుకున్నాను.

"అన్ని సినిమాలల్ల హీరో బాయిలకెళ్ళి బయటికస్తడు, శుభం అంటరు. గీడొక్కడే నిజం తీసిండు. ఇంటికచ్చినోడు బువ్వ తింటడు, నవ్వుతడు. మళ్ళ దిగవద్దా? మేం రోజు దిగుతలేమా? వచ్చిండు అన్నది ఆఖరు కాదు తమ్మీ. మళ్ళ దిగుడే ఆఖరు. గా పిలుసుడు చూసినవా? మా ఆడోళ్ళు రోజు గట్లనే పిలుస్తరు, నోరు తెరవకుంట."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. "అన్నా, అది నా పొరపాటు" అంటే సరిపోయేది. కానీ ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. భయం కూడా ఉంది. అంతకుముందే ఒకసారి రీలు కాల్చి ఓనరుతో మాటలు పడ్డాను. ఇంకో తప్పు బయటపడితే ఇంటికి పంపిస్తానన్నాడు. "మంచిగున్నదా అన్నా" అని మాత్రం అన్నాను. ఫస్ట్ షోకు రీళ్ళు సరిచేసి వేశాను.

ఓదెలన్న ఆ సాయంత్రం, మర్నాడూ కనపడ్డవాళ్ళందరికీ ఆ సినిమా గురించి చెప్పాడు. దానికి బాయి సినిమా అని పేరు పెట్టింది ఆయనే. ఆయన మాట మీద ఆదివారం బామ్మర్ది పోశం, ఇంకో నలుగురూ వచ్చి చూశారు. వాళ్ళు చూసింది సరైన వరుసలో. మర్నాడు చాయ హోటల్లో పోశం పట్టుకున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"బావా, అన్న మంచిగ ఇంటికచ్చి బువ్వ తిన్నడు గదనే. అయిపాయె సినిమా. ఏడ పిలిచిండు, ఎవలు పిలిచిన్రు?"

"ఆఖరికి పిలుస్తడురా. తెల్లగయ్యేదాక పిలుస్తడు."

"నువ్వు నైట్ షిఫ్టు దిగి పోయినవ్. నిద్రల చూసినట్టున్నవ్. కలల ఇంకో రీలు తీసినవ్."

హోటలంతా నవ్వింది. ఓదెలన్న నా వైపు తిరిగాడు. "రాజేశం ఉన్నడు గదా. నువ్వు చెప్పురా, ఆఖరికి ఏమున్నది?"

అందరూ నన్నే చూశారు. చాయ గ్లాసు కింద పెట్టి నేనన్న మాట ఇది: "నేను సినిమా ఏడ చూస్తనన్నా. నా కండ్లు కార్బన్ మీదనే ఉంటయి."

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. ఆ రోజుల్లో ప్రొజెక్టర్‌లో వెలుగు రెండు కార్బన్ కడ్డీల మధ్య మంటతో వచ్చేది. అవి అరుగుతూ ఉంటాయి, దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఆపరేటర్ సినిమా చూడడన్నది అందరికీ తెలిసిన సంగతే. అందుకే నా మాట నమ్మారు. నిజాన్ని అడ్డం పెట్టుకొని ఇంత పెద్ద అబద్ధం ఆడవచ్చని ఆ రోజు తెలిసింది.

ఆయనకు "నిద్ర ఓదెలు" అన్న పేరు పడింది. ఏ సినిమా బాగుందన్నా "మేల్కొనే చూసినవా బావా" అని అడిగేవాళ్ళు. మొదట ఆయన కూడా నవ్వేవాడు. తర్వాత తెలిసింది, కూలుతుందేమోనని బాయిలో కప్పు తట్టి చూసి "ఈడ సప్పుడు బాగలే" అన్నా అదే మాట అనేవారట. సినిమాలకు రావడం మానలేదు గానీ, మెట్ల కింద నిలబడి అడగడం మానేశాడు. చివరి సీన్ అయిపోయాక ఒకసారి పైకి, నా కిటికీ వైపు చూసి పోయేవాడు.

టాకీసు మూతపడింది. ఇప్పుడు అందులో సిమెంటు బస్తాలు ఉన్నాయి. నేను కరీంనగర్ వచ్చి, మూడు తెరలున్న థియేటర్‌లో సినిమాలు నడిపే సర్వర్ల దగ్గర పని చేస్తున్నాను. అక్కడే ఈ మధ్య ఒక ఆదివారం ఒకామె వచ్చి, "రాజేశం కాకా, నన్ను గుర్తువట్టినవా? నేను సుజాతను, ఓదెలు బిడ్డను" అంది. బాపు ఎట్లున్నడని అడిగాను.

"ఏం చెప్పాలె కాకా. గా బాయి సినిమా, చిన్నప్పటి సంది మాకు చెప్తుండె గదా. మొన్న ఫోన్ల దొరికింది. ఖుషీ అయితడని పెట్టి చూపెట్టిన. ఆఖరికి బాపు చెప్పినట్టు లేదు. పోశం మామ చెప్పినట్టే ఉన్నది. బాపు మళ్ళ మళ్ళ వెనక్కి పెట్టమన్నడు. అటెన్క సప్పుడు చెయ్యలే. అప్పటి సంది సినిమా ముచ్చటే లేదు. ఏదన్న అడిగితే 'నాకేం ఎరుక బిడ్డా, నేను చూసింది నిజమో కలనో' అంటడు. చచ్చిపోయిన దోస్తుల మాటలను సుత, వాళ్ళు గట్లనే అన్నరా లేకపోతే నేనే అనుకున్ననా అని అడుగుతుండు. డాక్టర్‌కు చూపిద్దామనుకుంటున్నం."

 లోపల ఏదో సినిమాకు జనం నవ్వుతున్నారు. మా వృత్తిలో తప్పు చేస్తే తెర తెల్లబడుతుంది, జనం ఈలలు వేస్తారు, మనం సరిచేస్తాం, అక్కడితో అయిపోతుందనుకునేవాణ్ణి. ఎవరూ ఈల వెయ్యని తప్పు ఒక మనిషి తలలో ఇన్నాళ్ళు నడుస్తుందని అనుకోలేదు.

ఆ వారం నా సెలవు రోజున, సుజాతకు ఫోను చేసి, మందమర్రి బస్సెక్కాను. సుజాత ముందే వచ్చి ఉంది. ఓదెలన్న ముందరి గదిలో కూచున్నాడు. జుట్టు తెల్లబడింది. టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. నన్ను చూసి, "ఆపరేటరా" అన్నాడు. గుర్తు పట్టినందుకు తానే ఆశ్చర్యపోయినట్టు సుజాత వైపు చూశాడు.

నీళ్ళు తాగి, దాచకుండా చెప్పాను. ఆలస్యమైన బస్సు, లీడర్ లేని రీళ్ళు, మారిన మూతలు, బల్బుకు పట్టి చూడని నా బద్ధకం, హోటల్లో అన్న మాట.  అయిపోయాక ఆయన తన చేతులు చూసుకున్నాడు.

"అయితే పిలిచిండు."

"పిలిచిండన్నా."

"తెల్లగయ్యేదాక."

"తెల్లగయ్యేదాక."

"సినిమా తీసినోనికి సుత తెల్వదన్నట్టు."

"తెల్వదు. హాల్ల గా సినిమా చూసింది నువ్వొక్కనివే. మిగిలినోళ్ళంత పండుకున్నరు."

ఆయన ముఖంలో కదలిక వచ్చింది. సుజాత చేతిలోని ఫోను తీసుకొని నా ముందు పెట్టాడు. "మళ్ళ ఎయ్యి. గట్లనే ఎయ్యి."

నేను ఆ సినిమా తీసి, అన్న బావిలోకి దిగేదాకా నడిపాను. అక్కడ ఆపి, అన్నం తినే చోటికి జరిపాను. అది అయిపోయాక వేలితో వెనక్కి లాగి, బావి గట్టు దగ్గర వదిలాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా చేసిన ఛేంజ్ ఓవర్ ఇంకొకటి లేదు. తమ్ముడు పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. అక్కడ ఫోను బోర్లా పెట్టాను. సుజాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఓదెలన్న, "చీకటి మాత్రం నీలమే" అన్నాడు.

తర్వాత పోశంకు ఫోను చెయ్యమన్నాడు. స్పీకర్ పెట్టి నేనే చెప్పాను. 

"అయితే నిద్రపోయింది ఆపరేటరానే?" అన్నాడు పోశం. "ఓ బావా, ఇగ నాకు మొఖం లేకుంట చేసిండు గదనే వీడు."

ఓదెలన్న నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా ఉండి, ఆయన ముందు కింద కూచున్నాను. 

"అన్నా, గా దినం నువ్వు మేల్కొనే ఉన్నవ్. నేను సుత చూసిన. చూసి చూడలేదన్న. మాఫ్ చెయ్యి."